గాజుపని

నేను పల్నాటిసీమ నకరికల్లు వాస్తవ్యుడను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. నేడు గాజును గూర్చియు, గాజుపనివారిని గూర్చియు కొంత ముచ్చటింపదలచితిని.

గాజన్నంతనే మీలో పలువురకు ఆడవారి చేతిగాజు జ్ఞప్తికి వచ్చును గాని కిటికీ అద్దమో సీసాయో జ్ఞప్తికి రాదు. ఇది మన భాషలోని యొక వింత. సంస్కృతమునందలి కాచ శబ్దమునుండి మన గాజు శబ్దము పుట్టినది. అది తెలుగున ద్రవ్యమునకును పేరైనది, ఆ ద్రవ్యముతో చేసిన కంకణమునకును పేరైనది. అంతటితో ఆగలేదు. బంగారముతో చేసినను అది బంగారు గాజే, వెండితో చేసినను వెండి గాజే. పసిడియంతటిది గాజు పేరు పెట్టుకొని తిరుగుచున్నది! వేఱొక ద్రవ్యమునకు మన భాషలో ఇట్టి మర్యాద దక్కినట్లు నాకు తోచదు.

భాష ఇంత మన్నించినను కవులు మన్నింపలేదు. నీతిశ్లోకములలో కాచము వచ్చినదన్న ప్రక్కన మణి వచ్చితీరును. వచ్చి దానిని చిన్నబుచ్చితీరును. కపటికి ఉపమానము కాచము, అల్పునకు ఉపమానము కాచము, మెఱుగే గాని విలువ లేనివానికిని కాచమే. ఆ శ్లోకములను నేను ముప్పది యేండ్లకు పైగా పిల్లలచే వల్లె వేయించితిని. వాని నీతితో నాకు పేచీ లేదు. కాని మణి భూమిలో దొరకును, దానిని చేసినవాడు లేడు. గాజును మనుష్యుడు చేయవలెను. పిడికెడు ఇసుకనుండి వెలుతురును వెలికి తీసినవాని పనితనమును మన కవులు నిలిచి చూచినట్లు కానరాదు.

నిఘంటుకారుడు మాత్రము చూచినాడు. అమరసింహుడు కాచమునకు క్షారమను పర్యాయపదమును చెప్పియున్నాడు. క్షారమనగా కారము, చవుడు. చదువుకొను కాలమున ఈ రెండు పదములకు పొత్తేమని ఎవరైన అడిగినచో, నిఘంటువు అట్లు చెప్పినదని గురువులు సరిపుచ్చుచుండిరి. నిజమునకు ఆ ఒక్క పర్యాయపదమునందు గాజు చేయు యోగమంతయు ఇమిడియున్నది. వట్టి ఇసుకను కరగింపవలెనన్న సుమారు 1,700 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి కావలెను. మన కొలిమి కట్టెలకు అది సాధ్యము కాదు. ఇసుకకు చవుటిని చేర్చినచో అంతకు చాల తక్కువ వేడిమికే అది పాకమగును. చవుడే గాజునకు తల్లి. అయితే ఇసుకయు చవుడును మాత్రమే కలిసిన గాజు నీటిలో నానినచో క్రమముగా కరగిపోవును. దానిని నిలువరించునది సున్నము. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగను చూచుచు పెరిగిన మా పల్నాటివారికి సున్నమెట్టిదో చెప్పనక్కరలేదు. పూర్వులు దీనిని వేఱుగా కొలిచి కలిపిన జాడ మన దేశమున అంతగా కానరాదు. ఇసుకలోను చవుటిలోను సహజముగా నుండు సున్నపుపాలే వారికి చాలినది. 1800–1801 సంవత్సరములలో మైసూరు రాజ్యమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానను అను వైద్యుడు, అచ్చటి గాజులవారు చవుటినేల మంటితో పని జరుపు తీరును చూచి వ్రాసిపెట్టినాడు. చాకలివారు బట్టలుదుకుటకు తెచ్చుకొను చవుడును ఇట్టిదే సుమా.

గాజు మన దేశమున ఎంత ప్రాచీనమన్నచో, శతపథబ్రాహ్మణమున అశ్వమేధపుటశ్వము జూలునందు రాణులు కాచములను గ్రుచ్చుట చెప్పబడినది. అవి గాజుపూసలో, బంగారుపూసలో, ముత్యములో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయము లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు కాచమణుల ప్రసక్తి స్పష్టముగా నున్నది. మన తెలుగునాట మెదకు సీమలోని కొండాపురమున 1940 ప్రాంతమున జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల కాలపు పూసలు విస్తారముగా దొరికినవి. మోరేశ్వర దీక్షితుడను పండితుడు వానిని పరిశీలించి 1952లో ఒక గ్రంథమునే ప్రకటించెను. మన దేశపు గాజు చరిత్రమును 1969లో సమగ్రముగా వ్రాసినవాడును ఆయనయే.

ఇక పనితీరు. గాజును మలచుటలో ఊదుట ఆలస్యముగా పుట్టిన విద్య. అంతకు పూర్వము వేయియేండ్లకు పైగా ఐగుప్తు మొదలగు దేశములవారు మట్టిముద్దపై కరగిన గాజును చుట్టి, ఆరిన పిదప లోపలి మట్టిని గీకివేసి, అత్తరు బుడ్లవంటి చిన్న పాత్రలను చేయుచుండిరి. ఒక్క బుడ్డికి పూట గడచెడిది. కావున అది రాజులకే దక్కెడిది. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున సిరియా, పాలస్తీనా తీరములందు ఎవడో యొక పనివాడు బోలు గొట్టము చివర కరగిన గాజును తగిలించి ఊదినాడు. వాని పేరు లోకమునకు తెలియదు. కొద్ది తరములలోనే రోమను సామ్రాజ్యమున సామాన్య గృహస్థు ఇంటికి గాజు గిన్నె చేరినది.

ఊదువాని పనిని మాటలలో చెప్పుట కష్టము, అయినను యత్నించెదను. నాలుగైదడుగుల ఇనుప గొట్టము నొకదానిని కొలిమిలోనికి పోనిచ్చి త్రిప్పినచో, పుల్లకు జుంటితేనె చుట్టుకొన్నట్లు ఎఱ్ఱని గాజుముద్ద దాని కొనకు చుట్టుకొనును. ఆ క్షణమునుండి పాత్ర పూర్తియగువఱకు గొట్టము త్రిప్పుట మానరాదు. మానినచో ముద్ద ఒక ప్రక్కకు జాఱిపోవును. నున్నని ఇనుప పలకపై దొర్లించి ముద్దను చక్కజేసి, చిన్న ఊపిరి విడుతురు. లోపల బుడగ పుట్టును. ఆఱినకొలది మరల సెగకు చూపుదురు, మరల ఊదుదురు. కావలసిన ఆకారము వచ్చిన పిదప అడుగున మఱొక ఇనుప కడ్డీని గాజుబొట్టుతో అతికించి, ఊదిన గొట్టమును విడగొట్టి, పాత్ర మూతిని పటకారుతో తీర్తురు. చివరకు ఆ కడ్డీని తట్టి ఊడదీసినపుడు అడుగున చిన్న మచ్చ మిగులును. ఇంటిలో తాతలనాటి గాజుగిన్నె గాని అత్తరుబుడ్డి గాని యున్నచో దాని అడుగును వ్రేలితో తడవి చూడుడు. గరుకు మచ్చ తగిలినచో అది చేతిపని యనుటకు సాక్ష్యము. నునుపు చేసి మచ్చను మాపివేయువారును కలరు గనుక, మచ్చ లేనంతమాత్రమున చేతిపని కాదని త్రోసిపుచ్చరాదు.

పాత్ర పూర్తియైనను పని పూర్తి కాలేదు. వెంటనే గాలికి పెట్టినచో పైభాగము ముందు ఆఱి, లోభాగము వెనుక ఆఱి, ఆ పెనుగులాటలో పాత్ర తనంత తానే పగులును. కావున ఒక వేడిగదిలో నుంచి మెల్లమెల్లగా చల్లార్తురు.

మా తరమువారికి ఊదుడు గాజు లాంతరు చిమ్నీగా పరిచయము. గోలీసోడా బుడ్డి అచ్చులలో పోసి చేయు యంత్రపు పని. దానిని 1872లో హైరం కాడ్ అను ఆంగ్లేయుడు కనిపెట్టెను. మూతికంటె పెద్ద గోలీ బుడ్డిలోనికి ఎట్లు పోయెనని పిల్లలు నన్ను అడుగుచుండిరి. మెడను బిగించుటకు ముందే గోలీని లోన వేయుదురు, అంతే. ఇంకొకటి కలదు. మాచర్ల, వెల్దుర్తి ప్రాంతపు తండాలలోని లంబాడీ స్త్రీల రవికలమీదను పేటియాలమీదను తళుకుమను అద్దపు బిళ్ళలను చూచియే యుందురు. ఇట్టివానిని గుజరాతులోని కపడ్వంజ్ పట్టణమున ఊదుడు పనివారు చేయుచు వచ్చిరి. పెద్ద గాజు బుడగను ఊది, దానిలో కరగిన సీసమును తగరమును పోసి త్రిప్పినచో లోపల అద్దపు పూత పట్టును. పిదప బుడగను పగులగొట్టి బిళ్ళలుగా కత్తిరింతురు. అట్టి పాత బిళ్ళను అడ్డముగా పట్టి చూచినచో కొంచెము వంపుగా నుండును. అది ఆ బుడగ వంపే.

ఇంతవఱకు చెప్పినది ఊపిరితో చేయు గాజు. మన తెలుగువారిలో నిలిచిన విద్య మఱొకటి. అది ఊదుట కాదు, లాగుట. దాని స్థానము పాపానాయుడుపేట. ఏర్పేడు మండలమున, రేణిగుంటనుండి శ్రీకాళహస్తికి పోవు ప్రాంతమున నున్న గ్రామమిది. 2022 వఱకు చిత్తూరు జిల్లాలోనిది, అటుపై తిరుపతి జిల్లాలోనిది. తిరుమల కొండకు పోవు భక్తులు లక్షలమంది ఆ చుట్టుప్రక్కలనుండియే పోవుదురు; అచ్చట దిగి చూచువారు అరుదు. కొన్ని యేండ్ల క్రిందట యాత్ర ముగించుకొని, ఒక పాతశిష్యుని తోడుతో నేను పోయి చూచితిని.

మట్టితో కట్టిన కొలిమి. దాని ముందు నిలుచుటయే తపస్సు. పొడవైన ఇనుప గొట్టము చివర కరగిన గాజును పలుమారులు చుట్టి చుట్టి, దొర్లించి, పెద్ద గుమ్మడికాయవంటి ముద్దను సిద్ధపఱతురు. గొట్టము గుండ లోనికొక కడ్డీని దూర్చి ముద్ద నడుమ బెజ్జము తెఱతురు. ఆ బెజ్జమే రేపటి పూసకు దారము పోవు దారి. తరువాత ముద్దను కొలిమి ద్వారమున నుంచి, ఎదుటి ద్వారమునుండి పెద్ద పనివాడు ఇనుప కొక్కెముతో దాని కొనను పట్టి లాగును. సన్నని గాజు గొట్టము బయలుదేఱును. ఇక అది తెగరాదు. గంటలతరబడి లాగుచునే యుండవలెను. వడిగా లాగిన సన్ననగును, మెల్లగా లాగిన లావగును. కొలత బద్ద లేదు, గడియారము లేదు, చేయి తెలుపవలసినదే. లోపలి బెజ్జము గొట్టముతోపాటు తానును సాగుచు వచ్చును గాని మూసికొనిపోదు. తీసిన గొట్టమును గజము పొడవు కడ్డీలుగా విఱిచి ప్రోగు పెట్టుదురు.

తక్కిన పని ఇండ్లలో జరుగును. కడ్డీలను గుత్తిగా పట్టి, నేలలో నిలువుగా పాతిన ఉలి అంచుపై నుంచి, పైనుండి మఱొక బద్దతో కొట్టినచో గింజలు రాలును. ఈ గింజల అంచులు వాడి, మెడను కోయును. కావున వానిని బూడిదతో కలిపి, బెజ్జములలోనికిని బూడిద పోవునట్లు చేసి, మూకుడులో పోసి సెగపై కలియబెట్టుదురు. అంచులు కరగి గుండ్రనగును. బూడిద యుండుటచే పూసలు ఒకదానికొకటి అంటవు, బెజ్జములును పూడవు. ఎంత తేలికయైన ఉపాయము! నా దృష్టిలో ఈ పనియంతటికి ప్రాణము ఈ బూడిదయే. పిదప చెఱిగి, జల్లెడ పట్టి, పరిమాణములవారీగా ఏర్చి, స్త్రీలు దారములకు ఎక్కింతురు.

ఈ పద్ధతిని విదేశ విద్వాంసులు చూచి నివ్వెఱపోయిరి. ఇ. మేరియన్ స్టెర్న్ అను విదుషి 1987లో పాపానాయుడుపేట రహస్యము అను పేర ఒక వ్యాసమునే ప్రకటించినది. దానికి కారణము కలదు. పుదుచ్చేరి సమీపమున అరికమేడు అను ప్రాచీన రేవుపట్టణమును 1945లో వీలర్ దొర త్రవ్వించినపుడును, పిదపను అసంఖ్యాకములుగా చిన్న గాజుపూసలు దొరికినవి. అట్టి పూసలే తూర్పున సయాము, మలయా, చంపా దేశములందును, జపానునందును, పడమట ఆఫ్రికా తూర్పు తీరమునందును దొరకుచున్నవి. అమెరికా దేశపు పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీనికి హిందూ–పసిఫికు పూసలని పేరు పెట్టినాడు. వీనిని చేసిన రీతియే పాపానాయుడుపేటలో నేటికాలము వఱకు బ్రతికియున్నదని ఆయన గుర్తించి, అరికమేటి పనివారి విద్య తరతరములుగా చేతులు మాఱి ఇచ్చటికి చేరినదని అభిప్రాయపడినాడు. దారి నడుమ కొన్ని శతాబ్దముల సాక్ష్యము పలుచగా నున్నది గనుక నేనంత గట్టిగా చెప్పజాలను. పద్ధతి ఒకటే యనుటలో మాత్రము సందేహము లేదు. ఆలోక్ కుమార్ కనుంగో అను భారతీయ శాస్త్రజ్ఞుడు ఈ గ్రామపు పనిని హిందూ–పసిఫికు పూసలతో సరిపోల్చి 2016లో గ్రంథము వెలువరించినాడు.

తిమోరు దీవిలో ఇటుకరంగు పాతపూసలను ముటిసాలా అందురు. వానిని వంశధనముగా దాచుకొని, వివాహములలో కన్యాపక్షమువారికి కానుకగా ఇత్తురు. మన కవులు మణి ప్రక్కన నిలిపి నవ్విన ఆ కాచమును అచ్చట మణిగా పూజించుచున్నారు! ఆ యిటుకరంగు రాగివలన వచ్చును. అయితే రాగి ఊరక ఎఱుపు నీయదు. కొలిమిలో గాలి తక్కువయై పొగ నిండియున్నపుడే ఎఱుపు తేలును. గాలి హెచ్చినచో అదే రాగి నెమలిపచ్చ నిచ్చును. పొగ కొలతను కంటితో కట్టినవారు మన పనివారు.

అచ్చటి పనివాని నొకనిని కొలిమి రాత్రియందు ఆర్పరా యని అడిగితిని. "ఆరిపోతే మళ్ళా రాజెయ్యను ఖర్చు సామీ, రేయీపగలూ మండాల్సిందే" అని చెప్పెను. కుమారుడు ఈ పనికి వచ్చునా యని అడుగగా, "వాడు బడికి పోయినాడు గదా, ఇంగ సెగకు యాడొస్తాడు" అనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు, కొంత గర్వమే కలదు. బడిపంతులనగు నాకు దానికి ఏమి బదులు చెప్పుటకును తోచలేదు. కులవృత్తి నిప్పులనుండి పిల్లలను తప్పించుటకే గదా మేము బడులు నడపినది! ఆ బాలుడు చేసినది తగినదే. ప్లాస్టిక్కు పూస, యంత్రపు పూస చౌకగా అంగడికి వచ్చుచుండగా, కూలి గిట్టని పనికి కొడుకును ఇమ్మని తండ్రిని అడుగు హక్కు ఎవరికిని లేదు. నేరము బడిది కాదు, ధరది.

ఇచ్చట మఱొక దేశపు సంగతి చెప్పుట అప్రస్తుతము కాదు. వెనీసు ప్రభుత్వము 1291లో అగ్నిభయముచే గాజు కొలుములను మురానో దీవికి తరలించెను. అదే క్రమముగా ప్రపంచ ప్రసిద్ధమైన గాజుపని స్థానమైనది. అయినను కొలిమి ఒక కర్మాగారపు సొత్తుగానే చిరకాలము నిలిచినది. 1962లో అమెరికాలో టొలీడో నగర కళాప్రదర్శనశాల ఆవరణమున హార్వే లిటిల్టన్ అను ఆచార్యుడు చిన్న కొలిమి నొకదానిని నెలకొల్పి, ఒక్క మనుష్యుడు తన కొట్టములో తానే గాజును కరగించి, ఊది, పాత్ర చేయవచ్చునని చూపినాడు. పిదప చదువుకొన్నవారు కోరి కొలిమికడకు వచ్చిరి; విశ్వవిద్యాలయములు దానిని నేర్పినవి; చేసినవాని పేరు పాత్ర అడుగున చెక్కబడినది, పేరుతో ధరయు వచ్చినది. అచ్చట బడి కొలిమికి దారి చూపినది. మనకడ కొలిమినుండి బడికి పోయినవాడు మరలి వచ్చుటకు దారి లేదు. పాపానాయుడుపేట పూసపై ఏ చేతి పేరును లేదు. మన యింటి ఆడపడుచు మెడలోని నల్లపూసలు ఏ యూరివో మనలో ఎందఱు అడిగిరి? పనివారే నల్లపూసలై పోవుచున్నారు.

కాలము ముగియవచ్చుచున్నది గనుక పెద్దలకు ఒక విన్నపము చేసెదను. మన పల్నాటి యూళ్ళ ప్రక్కన పాటిదిబ్బలు పెక్కు కలవు. బండ్లతోను, ఇప్పుడు ట్రాక్టరులతోను ఆ పాటిమన్ను పొలములకు తోలుచున్నాము. దానిలో పెంకులతోపాటు ఆవగింజ మొదలు శనగగింజ వఱకు గల పూసలు వచ్చును, ఎవ్వరును చూడరు. విజయపురి ఇక్ష్వాకుల రాజధానిగా నుండిన నాగార్జునకొండలోయను జలాశయము ముంపునకు ముందు 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, దొరికినవానిని దీవిపైని ప్రదర్శనశాలలో నుంచిరి. మన దిబ్బలను అట్లు త్రవ్వినవారు లేరు. అవి ఎరువై పోవుచున్నవి.

పూస దొరికినచో వెలుతురునకు పట్టి, వీలైనచో భూతద్దముతో చూడుడు. గాజులో సన్నని చారలును, సాగిన బుడగలును బెజ్జమునకు నిడివిగా పోవుచున్నచో అది లాగిన పూస, అనగా పాపానాయుడుపేట రీతిది. చారలు బెజ్జము చుట్టు తిరిగినచో కడ్డీకి చుట్టి చేసినది. నడుమ అతుకు గీత యున్నచో అచ్చు పూస, బహుశః నిన్నమొన్నటిది. దొరికినదానిని కడిగి పిల్లల మెడలో కట్టకుడు. ఒక కాగితపు పొట్లములో నుంచి, ఏ యూరు, ఏ దిబ్బ, ఎంత లోతున, ఏ తేది యని పైన వ్రాసి, తహశీల్దారు ద్వారా పురావస్తు శాఖవారికి అందజేయుడు. దిబ్బను మీరై త్రవ్వవలదు. పైకి తేలినది చాలును. పెద్దవాన కురిసిన మఱునాటి ఉదయము, ఎండ ఏటవాలుగా పడువేళ, ఇవి కంటికి తేలికగా దొరకును.